పరీక్షనాటి నాచు చారు

మల్‌సున్ ముల్లంగిని పల్చటి బిళ్ళలుగా తరిగి మరుగుతున్న మాంసం చారులో వేసింది. పక్క పొయ్యి మీద సముద్రపు నాచు చారు కుతకుతలాడుతోంది. ఆమె వేళ్ళకు వెల్లుల్లి వాసన, మోకాళ్ళకు నొప్పుల మందు వాసన. భర్త చనిపోయిన ఏడాది సియోల్‌లోని ఈ విద్యార్థుల వసతి ఇంట్లో తాత్కాలికంగా వంటకు కుదిరింది. తాత్కాలికంగానే జుట్టు నెరిసిపోయింది.

ముల్లంగి చారు హేరిమ్‌ది, మధ్యాహ్నం పరీక్ష హాల్లో తినడానికి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఆ పిల్లకిది మూడోసారి. నాచు చారు మేడ మీద పురిట్లో ఉన్న ఇంటావిడ కూతురిది. బాలింతకు అది తప్పనిసరి. పరీక్ష రాసేవాళ్ళకు మాత్రం దాని వాసన కూడా తగలకూడదు. జారే నాచు తింటే జారిపోతారు, జిగురు మిఠాయి తింటే సీటుకు అతుక్కుంటారు. ఇది దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. పోయినేడు హేరిమ్ జేబునిండా మిఠాయి కుక్కుకుని వెళ్ళింది. అయినా చేతులు వణికి, వచ్చిన లెక్కలు కూడా తప్పు చేసింది. మల్‌సున్ జన్మలో ఏ పరీక్షా రాయలేదు గానీ, ఏటా పిల్లలతోపాటు తనూ ఓసారి తప్పుతూనే ఉండేది.

"పిన్నీ, అలా చూడకు. నేనేం బలికి వెళ్ళడం లేదు," అంది హేరిమ్ బూట్లు తొడుక్కుంటూ.

"నోర్ముయ్. రాత్రి నిద్రపోయావా?"

"గురకపెట్టి మరీ. వచ్చినవి రాస్తా, రానివి వదిలేస్తా. ఈసారికి అంతే."

ఆ ధీమా చూసి మల్‌సున్‌కి ముచ్చటేసింది, భయమూ వేసింది. కళ్ళు చెమర్చాయి. ఆ మసక కళ్ళతోనే ఫ్లాస్కు అందించి, సందు చివరిదాకా సాగనంపింది.

తిరిగొచ్చి, మిగతా పిల్లలకు వడ్డించి, పొద్దెక్కాక రెండో ఫ్లాస్కు మేడ మీదికి మోసుకెళ్ళింది. రెండూ ఒకే సంతలో కొన్న కవలలు. బాలింత మూత తీసి, "ఇవాళ నాకు ముల్లంగి చారేమిటి పిన్నీ?" అంది.

మల్‌సున్ గబగబా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తబోయింది.

"పోలీసు బండెక్కి వెళ్ళినా ఇప్పుడు పరీక్ష హాలు గేటు తియ్యరు. కొంపలేం మునగవులే," అంది ఇంటావిడ. అంటున్నావిడ ముఖమే పాలిపోయి ఉంది.

ఆ రోజు మల్‌సున్ కిమ్చీ పచ్చడికి నానేసిన క్యాబేజీకి ఉప్పు మీద ఉప్పు చల్లింది. భోజనాల వేళకు గడియారం వంక చూడలేక దానికి వీపు పెట్టి కూర్చుంది. నా చేతుల్తో నేనే దాన్ని జార్చేశానే అని కుమిలిపోయింది. ఇంగ్లీషు వినికిడి పరీక్షకని దేశమంతా విమానాలు ఆపేసి, ఆ మోత కూడా లేని వేళ, ఆమె గుండె ఒక్కటే మోగింది.

సాయంత్రం హేరిమ్ నవ్వుకుంటూ వచ్చింది. పరీక్ష అయిపోయిందని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన ఆమె తండ్రి, వీధిలో అప్పటికే పెట్టెలు ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు.

"నా మీద ఎన్నాళ్ళ పగ పిన్నీ ఇది?"

"పారబోశావా?" అంది మల్‌సున్ ఫ్లాస్కు అందుకుంటూ.

"లెక్కల పేపరయ్యేసరికి పోయినేటిలాగే చేతులు చల్లబడ్డాయి. మళ్ళీ మొదలైందిరా దేవుడా అనుకుంటూ మూత తీశాను. చూస్తే నాచు! పక్కమ్మాయి అంటుకుంటుందేమోనని కుర్చీ దూరం జరుపుకుంది. నవ్వాగలేదు. ఇంతకంటే ఇంకేం జారతాంలే అని చుక్క మిగల్చకుండా తాగేశా. నవ్వి నవ్వి చేతులు వెచ్చబడ్డాయి. మిగతాదంతా ఇంట్లో కూర్చుని రాసినట్టు రాశాను."

"సీటొస్తుందంటావా?"

"ఏమో. రాకపోతే మాత్రం నీ చారు పేరు చెప్పనులే. భయపడకుండా రాశాను పిన్నీ. మూడేళ్ళకు నాకదే పండగ."

మల్‌సున్ ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది, వెంటనే కావలించుకుంది. ఏడుస్తూ నవ్వింది. తండ్రి హారన్ కొట్టాడు. ట్రక్కు సందు మలుపు తిరిగేదాకా హేరిమ్ చెయ్యి ఊపుతూనే ఉంది.

వంటింట్లో తొట్టి గట్టున ఖాళీ ఫ్లాస్కు ఉంది. మల్‌సున్ దాన్ని కుళాయి కింద పెట్టింది, కుదిపింది, గోటితో గీరింది. ఆఖరికి నవ్వుకుని కుళాయి కట్టేసి, దాన్ని అలాగే అలమరలో పెట్టింది. మూత లోపల నాచు తునక ఒకటి, వదిలేదే లేదన్నట్టు అతుక్కుని ఉంది.