తొమ్మిదో ఫారం

మా బావకి సిగ్గు తక్కువని నాకు ముందే తెలుసు. తన గురించి తనే ఎగ్జిబిషన్ పెట్టుకునేంత తక్కువని మాత్రం మొన్ననే తెలిసింది.

"పాకెట్ పుస్తకం: సామాన్యుడి చేతికి అక్షరం" అని హాలు గుమ్మానికి బ్యానరు కట్టించాడు. లోపల అద్దాల పెట్టెల్లో ఆయన అచ్చువేసిన పుస్తకాలు. చొక్కా జేబులో పట్టే ఆ చవక పుస్తకాలు ఒకప్పుడు కిరాణా కొట్లో సబ్బుల పక్కన తాడుకి వేలాడేవి. కండక్టర్లు టికెట్ల సంచీలో, నర్సులు దిండు కింద పెట్టుకుని చదివేవారు. అట్ట ఊడేదాకా చేతులు మారేవి. ఇప్పుడు వాటిని ముట్టుకోవద్దని బోర్డు!

మైకు దొరగ్గానే బావ చరిత్ర ఎత్తుకున్నాడు. "మా నాన్నగారి రోజుల్లో పుస్తకమంటే గట్టి అట్ట, బంగారు అక్షరాలు, బీరువాకి తాళం. ఆ తాళం నేను బద్దలుకొట్టాను!"

అబ్బో, వీరుడు! అసలు జరిగింది నేను చెబుతాను. వాళ్ళ నాన్నగారి లావుపాటి పుస్తకాలు కొనే దిక్కులేక ప్రెస్సు మూతపడబోతుంటే, ఏదో పత్రికవాళ్ళు వద్దనుకున్న ముతక కాగితం ఈయనకి కారుచవగ్గా దొరికింది. చిన్నగా కోస్తే ఎక్కువ పుస్తకాలొస్తాయని కోశాడు, టీ ధరకి అమ్మాడు. అంతే సంగతి. ఆ సామాన్యుడు నిజంగా ఎదురైతే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే రకం మా బావ.

ఆ పుస్తకాల్లో సగం మా అక్క రాసినవే. వంటింట్లో, కూర ఉడికేలోగా. పదహారు పేజీలు ఒక ఫారం, ఎనిమిది ఫారాలు ఒక పుస్తకం. అదే ఈయనగారి సాహిత్య సిద్ధాంతం. కథ తక్కువైతే అక్షరం లావు చేసేవాడు, ఎక్కువైతే కోసేవాడు. అన్నిటికంటే పేరొచ్చిన అక్క నవల ఖర్మకాలి తొమ్మిదో ఫారంలోకి పోయింది.

"ఒక్క అధ్యాయం కోసం ఇంకో ఫారమా? నీకేమైనా మతిపోయిందా?" అని చివరి అధ్యాయం పీకేశాడు.

అలా ఆ నవల్లో భార్య సాయంత్రం సంచీ తీసుకుని గడప దాటుతుంది. పేజీ తిప్పితే, "జుట్టు రాలుతోందా?" అని తలనూనె ప్రకటన!

జనం మాత్రం నవ్వలేదు, ఏడ్చారు. ఆడవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అక్క చేతులు పట్టుకునేవారు. "ఎంత ధైర్యమమ్మా మీకు! వెనక్కి తిరిగి చూడకుండా పంపించేశారు!" అనేవారు. అక్క "అది కాదమ్మా..." అని మొదలుపెట్టేది, పూర్తిచేసేది కాదు.

ఎగ్జిబిషన్ పేరు చెప్పి ఆ నవల మళ్ళీ వేయిస్తున్నాడు. గట్టి అట్టతో, బంగారు అక్షరాలతో! తాళం బద్దలుకొట్టిన మహానుభావుడు కదా. అక్క ఒక్కటే అడిగింది.

"ఈసారైనా ఆ అధ్యాయం వేయండి. రాసింది రాసినట్టు ఒక్కసారి చూసుకుంటాను."

ససేమిరా అన్నాడు. ముందుమాట రాసిన ప్రొఫెసరు ఆ ముగింపుని 'మహామౌనం' అని ఆకాశానికెత్తేశాట్ట. పక్క పేజీలో తలనూనెని ఎందుకు వదిలేశాడో మరి!

సభలో ఆ ప్రొఫెసరు అదే పాట పాడి కూర్చున్నాడు. తర్వాత రెండు ముక్కలు మాట్లాడమని అక్కని పిలిచారు. అక్క మళ్ళీ రాసుకొచ్చిన ఆ అధ్యాయం తీసి చదవడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానివ్వు అక్కా, దులిపెయ్యి బావని, అనుకున్నాను.

ఆ భార్య బస్టాండుకి వెళ్ళి బల్ల మీద కూర్చుంటుంది. బస్సులు వస్తాయి, పోతాయి. ఒక్కటీ ఎక్కదు. లేచి ఇంటికొచ్చి, సంచీలో బట్టలు మళ్ళీ బీరువాలో సర్ది, పొయ్యి వెలిగిస్తుంది. మొగుడు భోంచేస్తూ ఉప్పు అడుగుతాడు. తను వెళ్ళిందనే అతనికి తెలియదు.

అంతే. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకావిడ తల దించుకుంది. ప్రొఫెసరు గొంతు సవరించుకుని, "పాతదే బాగుందమ్మా" అన్నాడు. నీ మొహంలా ఉంది, అనుకున్నాను. అక్క ఏ సాయంత్రం ఏ బస్టాండులో కూర్చుని వచ్చిందో, తోడబుట్టినదాన్ని, నాకే తెలియలేదు.

బావ మొహం ఎలా ఉందో చూద్దామని తిరిగాను. కుర్చీ ఖాళీ.

అక్కా నేనూ బయటికొచ్చేసరికి వరండాలో టీ కుర్రాళ్ళ మీద అరుస్తున్నాడు. మమ్మల్ని చూసి, "అయిపోయిందా? బాగా మాట్లాడావా?" అని అక్కని అడిగాడు.

"నువ్వు వినలేదా బావా?" అన్నాను.

"ఎక్కడే! వీళ్ళతోనే సరిపోయింది. ఏం చెప్పిందేమిటి?"

చెప్పబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఏం లేదులెండి," అంది, టీ కప్పు ఆయన చేతికి అందిస్తూ. "చల్లారిపోతుంది, తాగండి."