చలువరాతిలో తాతగారు

రిటైరైన హెడ్ క్లర్కుకి సొంత గొప్పలు లేవు. అందుకని తాతగారి గొప్పల మీద బతికేవాడు. వాటికి సాక్ష్యం ముందుగదిలో అలమారా మీద ఉండేది: ఆకుపచ్చ చారల చలువరాతి పలక, నడుమ పొదిగిన పతకం, పతకం మీద పక్కకు తిరిగిన ముఖం. వరదల్లో వందమందిని కాపాడినందుకు సర్కారువారు తాతగారి బొమ్మతోనే పతకం పోయించారని చెప్పేవాడు. నమ్మనివాళ్ళకు ముందు పతకంలోని ముక్కు, తర్వాత తన ముక్కు చూపించేవాడు.

దాని మీద ఒకప్పుడు అక్షరాలుండేవి. భక్తి వాటిని మింగేసింది. వారం వారం పొడి వేసి తోమడం ఆ ఇంటి కోడళ్ళ పని. అత్త తోమింది. ఆవిడ పోయాక హెడ్ క్లర్కు భార్య తోమింది. మెరుపు తగ్గితే అతను ఇల్లు పీకి పందిరేసేవాడు. అక్షరాలు అరిగాయి, మీసం అరిగింది, కన్ను అరిగింది. ముక్కొక్కటే మిగిలింది. ముక్కు ఎవరిదైనా కావచ్చు.

పేటలో పఠనాలయానికి కొత్త హాలు కట్టారు. పేరు దగ్గర తగువొచ్చింది. కలప వ్యాపారి తన తండ్రి పేరన్నాడు. హెడ్ క్లర్కు తాతగారి పేరన్నాడు.

"తాతలు నేతులు తాగితే తాగారు గానీ, మీ మూతి వాసన చూసి హాలు రాసిమ్మంటే ఎలా?" అన్నాడు వ్యాపారి.

పతకాన్ని మ్యూజియంలో చూపిద్దాం, వాళ్ళ మాటే ఖాయం అని పఠనాలయ సంఘం కార్యదర్శి తీర్పు చెప్పాడు. సాక్షిగా తానూ వస్తానన్నాడు. హెడ్ క్లర్కు పొంగిపోయాడు. భార్యనీ వెంటబెట్టుకెళ్ళాడు. పలక బరువు, ఎవరో ఒకరు మొయ్యాలి.

మ్యూజియంలో పతకాల విభాగం చూసే అధికారిణి ముందు రాయిని మెచ్చుకుంది. పతకం కంటే దీనికే ఎక్కువ ఖర్చయి ఉంటుందంది. తర్వాత భూతద్దం పెట్టి చూసి, ముఖాన్ని ఇలా ఎవరు చెరిపేశారని అడిగింది. హెడ్ క్లర్కు భార్య వంక చూశాడు. వెనకవైపు రాతికి ఆని ఉంది కాబట్టి అరిగి ఉండదనీ, లక్కతో అతికించారు కాబట్టి కాస్త వేడి చేస్తే ఊడి వస్తుందనీ అధికారిణి చెప్పింది. అతను తాతగారి తరఫున అనుమతిచ్చాడు.

పతకం ఊడింది. వెనక అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. ఆవిడ పైకి చదివింది. ఊరి మురుగుకాలువ పూర్తయిన సందర్భంగా ఇచ్చిన పతకం. కలరా రోజుల్లో పని వదిలి పారిపోని తవ్వకం కూలీలకు ఇచ్చినది. ముందున్న బొమ్మ కాలువ వేయించిన ఇంజినీరుది.

కార్యదర్శి హెడ్ క్లర్కు ముక్కు వంక ఒకసారి చూసి, మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

అధికారిణికి మాత్రం పట్టరాని సంతోషం. ఇలాంటివి పుస్తకాల్లో చదవడమేగానీ చూడలేదట. ఎవరికిచ్చింది, ఎవరి తాత అని అడిగింది. హెడ్ క్లర్కు చెవుల్లో కలప వ్యాపారి నవ్వు అప్పుడే మోగింది. మురుగు తవ్వినవాడి మనవడు.

"మాది కాదండీ. మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళ తాతది" అన్నాడు.

ఆ తాత జన్మలో పార పట్టలేదు. పొద్దస్తమానం పేకాటే. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా హెడ్ క్లర్కు ఆయన పేరు బయటికి లాగి దులిపేవాడు. భార్యకు కోపం రాలేదు. అన్నేళ్ళ తోముడికి కూలి దొరికినట్టు స్థిమితంగా కూర్చుంది.

"అవునండీ, మా తాతగారిదే" అంది. "పార పట్టందే ఆయనకి ముద్ద దిగేది కాదు."

"ఇంత గొప్పాయన సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు కార్యదర్శి.

"మా ఇంట్లో ఒక్క తాతకే చోటండీ."

వార్త పేటంతా పాకింది. కలరాకి మనిషిని పోగొట్టుకోని ఇల్లు అక్కడ లేదు. ఊరిని బతికించినవాడి పేరే పెట్టాలని అందరూ ఒక్క మాట మీదికొచ్చారు. కలప వ్యాపారి కూడా తలవంచి చెయ్యెత్తాడు. హెడ్ క్లర్కు ఒక్క నిజం చెబితే బోర్డు మీదికి సొంత తాత ఎక్కేవాడు. కానీ పారతో సహా ఎక్కుతాడు. అతను నోరు కుట్టేసుకున్నాడు.

ప్రారంభం రోజున ఆ ఇంటి అల్లుడని వేదిక మీదికి పిలిచి రెండు ముక్కలు చెప్పమన్నారు. ముందు వరసలో భార్య అతని నోటి వంకే చూస్తూ కూర్చుంది. హెడ్ క్లర్కు గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ వైపు వాళ్ళు మొదట్నించీ కష్టజీవులు" అన్నాడు.