వంటింట్లో ఎవరూ లేరు

నేను ఒక కాపలా డబ్బాను. చూడటానికి సబ్బుపెట్టె అంత ఉంటాను, గర్వం మాత్రం బీరువా అంత. గ్యాస్ పొయ్యి వెనక గోడకు నన్ను బిగిస్తారు. గొట్టానికి ఉన్న మీట నా అధీనంలో ఉంటుంది. పొయ్యి వెలుగుతుండగా ఎదురుగా కాసేపు మనిషి కనిపించకపోతే గ్యాస్ కట్టేసి, ఇంటివాళ్ళు చెప్పిన ఫోనుకు కబురు పంపుతాను: "వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి ఆపేశాను." అంతకుమించి నాకు మాటలు రావు.

నన్ను తయారుచేసింది నౌషీన్ అనే అమ్మాయి. విజయవాడలో ఓ చిన్న కంపెనీలో పని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఇంకొకరి మీద ఆధారపడకుండా తమ వంట తాము చేసుకోవాలని ఆమె పట్టుదల. మంచి పిల్ల. కంపెనీలోనే ఒక నమూనా వంటిల్లు కట్టించి, అందులో జనం చేత కూరలు తరిగించి, అన్నం వండించి, నా చూపు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చింది. అందరూ గట్టు దగ్గర నిలబడే వండారు. మనుషులంటే గట్టుకు పైన ఉండేవాళ్ళని నేను అలా నేర్చుకున్నాను.

నన్ను తెనాలిలో భ్రమరాంబగారి వంటింట్లో పెట్టారు. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రెండు గదుల అద్దెవాటాలో ఒక్కరే ఉంటారు. కూతురు అరుణ అదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటుంది. నేను రాకముందు ఒకసారి ఆవిడ పొయ్యి మీద గిన్నె మరిచి మేడ మీద వడియాలు పెట్టడానికి వెళ్ళారు. గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. అరుణ హడలిపోయి, "ఇంకోసారి ఇట్టా అయితే ఈ వంటిల్లు కట్టేసి మా ఇంటికి వచ్చెయ్యాల్సిందే. కూర్చోబెట్టి పెడతాం గదమ్మా" అంది. కూర్చోబెట్టి పెట్టించుకోవడం అన్న మాటే ఆవిడకు గిట్టదు. తన పొయ్యి తన చేతిలో ఉన్నన్నాళ్ళే అది తన ఇల్లు. అందుకే నన్ను పెట్టడానికి ఒప్పుకున్నారు.

ఇక నా ఉద్యోగం. భ్రమరాంబగారికి కుక్కరు పడదు, కందిపప్పు గిన్నెలోనే ఉడకేస్తారు. అది ఉడికేలోగా పీట వేసుకుని, కత్తిపీట ముందుకు లాక్కుని, కింద కూర్చుని కూరలు తరుగుతారు. మోకాళ్ళు ఎంత పీకినా ఆ అలవాటు మానరు. గట్టు కింద నా చూపు ఆనదు. ఆవిడ కూర్చోగానే నా లెక్కలో లేనట్టే. కాసేపు చూసి, టక్కున గ్యాస్ కట్టేసి, అరుణకు కబురు పెట్టేవాణ్ణి. నాలాంటి నిజాయితీపరుడు తెనాలి మొత్తంలో లేడని నా నమ్మకం.

వెంటనే అరుణ ఫోన్ చేసేది. "ఎక్కడికెళ్ళావమ్మా?"

"ఎక్కడికీ పోలేదే. ఇక్కడే ఉన్నా."

"ఉంటే అదెందుకు ఆపుద్ది?"

రోజూ ఇదే వరస. కొన్నాళ్ళకు ఆవిడకే తన మీద అనుమానం పట్టుకుంది. ఆరిన పొయ్యి ముందు నిలబడి, "బయటికి పోయొచ్చి మర్చిపోతున్నానా ఏంది?" అని గొణుక్కునేవారు. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. కానీ ఏం చెయ్యను? నాకు కనిపించిందే నేను చెబుతాను.

చివరికి ఒక ఆదివారం అరుణ పెద్ద సంచి పట్టుకుని వచ్చి, బట్టలు సర్దుకోమంది. భ్రమరాంబగారు వాదించలేదు. అదే నాకు మింగుడుపడలేదు.

"పప్పు పొయ్యి మీద ఉంది. గోరుచిక్కుళ్ళు కూడా వండుకుని, తిని పోదాం. పారేసుకుంటామా?" అన్నారు.

అరుణ నిట్టూర్చి తల్లి పక్కనే కింద చతికిలబడింది. ఇద్దరూ ఈనెలు తీస్తున్నారు. నాకేం తెలుసు? నా ఎదుట ఖాళీ. పొయ్యి ఆపేశాను. అరుణ ఒళ్ళో ఫోను మోగింది. చదివింది. మళ్ళీ చదివింది.

"ఏంటే?"

"వంటింట్లో ఎవరూ లేరంట."

"ఎవరింట్లో?"

"ఇక్కడేనమ్మా."

భ్రమరాంబగారు గోరుచిక్కుడుకాయ చేత్తో పట్టుకునే కూతురి వంక చూశారు. "మరి మనం ఏమైనట్టే?"

అరుణ నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ కన్నతల్లిని కాదని సబ్బుపెట్టెను నమ్మినందుకు సిగ్గుతో ఏడ్చేసింది. ఆ తరవాత సంచి మాట ఎవరూ ఎత్తలేదు.

అరుణ ఫోన్ చేస్తే నౌషీన్ మర్నాడే వచ్చింది. పీట మీద కూర్చుని తలెత్తి నా వంక చూసింది. ఆమె కూడా నాకు కనిపించలేదు. "అయ్యో అమ్మమ్మా, కింద కూర్చునేవాళ్ళ సంగతి మాకు తట్టనే లేదు" అని నాలుక కరుచుకుంది. నన్ను ఊడదీసి, కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ కనిపించేలా పక్కగోడకు బిగించింది. దాంతో పని అయిపోయిందనుకుంది.

భ్రమరాంబగారి పని అవలేదు. "ఆగమ్మాయ్. నా పొయ్యి ఆరితే కబురు నా కూతురికి పోవడమేంది? ముందు నాకు చెప్పమను. నేను పలక్కపోతే అప్పుడు దానికి చెప్పుకోనీ."

నౌషీన్ అరుణ వైపు చూసింది.

"పొయ్యి అమ్మది. ఆవిడ చెప్పినట్టే చెయ్యి" అంది అరుణ.

అలా నాకు ఒక గంటా, దాన్ని ఆపడానికి ఒక బొత్తామూ వచ్చాయి.

మొన్న ఆవిడ నిజంగానే మరిచిపోయారు. పులుసు పెట్టి, వసారాలో పక్కవాటా ఆవిడతో మాటల్లో పడ్డారు. నేను పొయ్యి ఆపి గంట కొట్టాను. గబగబా వచ్చి, గిన్నెలోకి చూసి, బొత్తాం నొక్కారు. గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. భయపడ్డారు, నాకు తెలుస్తూనే ఉంది. బొత్తాం నొక్కారు కనక ఆ సంగతి ఇక బయటికి పొక్కదు.

ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను తీశారు. "అరుణా, ఇయాళ నిజంగానే మర్చిపోయానే. పులుసు అడుగంటింది."

"పైపైన తేట తీసి నాక్కాస్త ఉంచమ్మా. అన్నానికి వస్తా" అంది అరుణ.

భ్రమరాంబగారు పొయ్యి మళ్ళీ వెలిగించుకున్నారు.