వాసన లేని సీరం

“పది నిమిషాలు మొగానికి పెట్టుకోని పండుకుంటే సాలు. దీనికేమన్నా సంగటి కెలకాల్నా, ఆకు కొయ్యాల్నా?” అన్నాడు మా ఆయన వసంత్, పెట్టె నా చేతిలో పెట్టి.

పెట్టెలో తెల్లటి మాస్కు. లోపలంతా చిన్న చిన్న ఎర్ర లైట్లు. పెళ్లయ్యాక నేను అడక్కుండా ఆయన నా కోసం తెచ్చిన మొదటి వస్తువు. సంతోషపడాలి కదా! పడలేదు. ఎందుకు తెచ్చాడో నాకు తెలుసు. ముందు వారం శ్రీనివాసపురంలో చుట్టాల పెళ్లికి వెళ్తే, ఒక పెద్దాయన నన్ను చూపించి “మీ అక్కనా అప్పా?” అని ఆయన్ని అడిగాడు. మా పాప నయన కడుపులో ఉన్నప్పుడు నా బుగ్గలకెక్కిన నల్లటి బంగు మచ్చలు మళ్లీ దిగలేదు. పొద్దున్నుంచి మల్బరీ తోటలో ఎండకు ఎండేదానికి ఇంకెలా ఉంటుంది మొహం? మా ఊరు బూదికోటకు తిరిగొచ్చేదాకా ఆయన బైకు మీద ఒక్క మాట మాట్లాడలేదు. మాట పడింది నేను, అలిగింది ఆయన.

మాస్కు ఒక్కటే పెట్టుకుంటే చాలదట, దాని కింద సీరం రాసుకోవాలట. “అదేందో నువ్వే సూసుకో” అన్నాడు. సరేనని పట్టుపురుగులకు ఆకు తరుగుతూ, ఫోను గోడకి ఆనించి వీడియోలు చూశాను. లైటుకు ముందు యాసిడ్లు వద్దు, రెటినాల్ వద్దు, నూనెగా జిడ్డుగా ఉండేవి వద్దు, నీళ్లలా పల్చగా ఉండేవి రాసుకోవచ్చు, అని ఒకమ్మాయి తీరిగ్గా చెబుతోంది. ఆ అమ్మాయి గోళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఒక సీసా మీద పట్టు ప్రోటీన్ అని రాసి ఉంది. మేము మేపిన పురుగే, సీసాలో కూర్చుని నా కంటే ఖరీదుగా ఉంది.

అయితే వీడియోలో చెప్పని పరీక్ష ఒకటి మా ఇంట్లో ఉంది. పట్టుపురుగుల షెడ్డులోకి వాసన పోకూడదు. పౌడరు, సెంటు, ఊదుబత్తి, తలనూనె, ఏదీ పనికిరాదు. కొత్త కోడలిగా తలలో మల్లెపూలతో లోపలికెళ్తే మా అత్త సొన్నమ్మ గుమ్మంలోనే పీకి పేడదిబ్బ మీద వేసింది. “పురుక్కి ముక్కు ల్యాదనుకుంటివా?” అంది. పంట ఉన్నన్నాళ్లూ నేను పూలు పెట్టుకోవడం ఆనాటితో సరి. మా ఇంట్లో ఎప్పుడూ పంట ఉంటుంది.

కాబట్టి విటమిన్ సీ సీరం కమలాపండు వాసనని వదిలేశాను. రాబర్ట్‌సన్‌పేట అంగడిలో గులాబీ సీరం ఉంది. అది కూడా నీళ్లలాగే పల్చగా ఉంది. అంగట్లో అమ్మాయి ఒక చుక్క నా మణికట్టు మీద వేసింది. బస్సులో ఇల్లు చేరేదాకా చెయ్యి ముక్కు దగ్గర్నుంచి దించలేదు. దిగాక బోరింగు దగ్గర చెయ్యి రుద్ది రుద్ది కడుక్కున్నాను. చివరికి ఏ వాసనా లేని హయలురోనిక్ సీరం కొన్నాను. నా మొహానికి సీరం కూడా పురుగుల్నడిగి కొన్నాను.

బంగు పోయిందా అంటే, లేదు. పోకపోతే పోయింది! గడియ పెట్టి, సీరం రాసి, మాస్కు తగిలించుకుని పడుకుంటే కళ్ల మీదంతా ఎరుపు. “నేత్రా, నీళ్లు” అని కేక వస్తుంది. “లైటు పెట్టుకోనుండాను” అంటాను. ఆయన తెచ్చిన లైటే కదా, ఆయనేమీ అనలేడు. ఆ పది నిమిషాలు నన్నెవరూ లేపలేరు. నాకు కావలసింది అదే.

నాలుగోసారి పొర విడిచి, మేమనే నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులకు ఆకలెక్కువ. మా తోటలో ఆకు చాల్లేదు. వసంత్ పక్క పొలం సీనప్ప దగ్గర గోనెసంచి నిండా ఆకు తెచ్చాడు. సీనప్ప మల్బరీ టమాటా తోట గట్టునే ఉంటుంది. టమాటాకు కొట్టే పురుగుమందు గాలికి అటే పడుతుంది. ఎప్పుడూ ఆకు వాసన చూసి వేసేది నేను. ఆరోజు నేను లైటు కింద ఉన్నాను. ఆయనే వేసేశాడు.

తెల్లారేసరికి తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి, పచ్చగా కక్కుకుని, మెలికలు తిరుగుతున్నాయి. సంచి అడుగున మిగిలిన ఆకు తీసి వాసన చూశాను. మందు. అత్తకిచ్చాను. ఆమె కూడా చూసింది. కొడుకు వంక ఒకసారి చూసి, ఆ ఆకును మడిచి కొంగున కట్టుకుంది.

అంతలోనే ఊళ్లోవాళ్లు వచ్చారు. “ఏమాయె సొన్నమ్మా?” అన్నాడు ఊరి పెద్ద సుబ్బరాయప్ప.

“ఏం సెప్పేదప్పా! మా కోడలు మొగానికి అదేందో పూసుకోని లోపలికొచ్చినాది.”

నేను వసంత్ వైపు చూశాను. చెబుతాడని. నిజంగా, చెబుతాడనే అనుకున్నాను.

“నేను సెప్తానే ఉండాను, ఆ సీరాలూ గీరాలూ వద్దని” అన్నాడు, నేల చూస్తూ.

ఎప్పుడు చెప్పావయ్యా మహానుభావా?

చచ్చిన పురుగుల్ని గంపల్లో మోసి గుంతలో పోసి సున్నం చల్లింది కూడా నేనే. గుంత దగ్గర అడిగాను. “అత్తా, నువ్వూ వాసన సూసినావు కదా?”

“సూసినాను” అంది. “మగోడు ఊర్లో తలెత్తుకోని తిరగల్ల కదమ్మా. నువ్వు ఇంట్లోనే కదా ఉండేది. మా అత్త కాలంలో నా మీదా ఇట్లే ఏసినారు. సచ్చినానా?”

చావలేదు. చావకపోవడమే బతుకనుకుని నాకూ అదే నేర్పుతోంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసమో నా కోసమో తెలియదు.

తర్వాత వసంత్ ఆర్డరు వేశాడు. “ఆ మాస్కు, సీసా అటక మీదెయ్యి. షెడ్డు కడుగు. కొత్త పిల్లపురుగులు వస్తాండాయి.” బ్లీచింగుతో కళ్లు మండుతుంటే షెడ్డంతా కడిగాను. మరుసటి రోజు బస్సెక్కి రాబర్ట్‌సన్‌పేట వెళ్లాను.

పిల్లపురుగులు దిగిన పొద్దున, గులాబీ సీరం మొహానికి, మెడకి, రెండు మణికట్లకి రాసుకుని షెడ్డు గుమ్మం బయట నిలబడ్డాను. లోపల అత్త తలెత్తింది. “ఏమే అది, గుప్పుమంటాండాది?”

“గులాబి సీరం అత్తా. దినామూ రాసుకుంటాను. ఇంగ నేను లోపలికి రాకూడదు.”

నాకు తెలుసు. ఈ పంట పోతే నా శాపమంటారు. పండితే, చూశారా, ఆమె లోపలికి రాకపోతే పండిందని ఊరంతా చెప్పుకుంటారు. నా మీద పడిన అబద్ధానికి నేనే సాక్ష్యం పలుకుతున్నాను. నయన పెద్దయ్యాక కూడా అదే వింటుంది. చెప్పుకోనీ, విననీ. దానికి అసలు సంగతి నేను చెప్పుకుంటాను.

ఆకు గంప పట్టుకుని వసంత్ గుమ్మంలో నిలబడిపోయాడు.

“మరి ఆకు ఎవురేస్తారే?”

“వాసన లేనోళ్లు ఏస్తారు” అని చెప్పి, ఇంట్లోకెళ్లి గడియ పెట్టుకున్నాను.