అద్దానికి ఇవతల

పూర్ణిమ వచ్చి కుర్చీలో కూర్చుందో లేదో, ఆఫీసులో టిఫిన్ డబ్బాలన్నీ ఆమె బల్ల మీదికి చేరిపోతాయి. తెలీబంధా చెరువు కనిపించే కిటికీ పక్కన పెద్ద బల్ల. కంపెనీలో టెక్నాలజీ అంతటికీ పెద్ద ఆమే. ఒక పక్క కాగినప్పుడల్లా మార్చే లాప్‌టాప్, మిగతా మూడు పక్కలా డబ్బాలు, టీ గ్లాసులు. కొత్తగా చేరినవాళ్ళు మొహమాటపడితే పాతవాళ్ళు చెబుతారు.

"పెట్టెయ్ యార్, మేడం ఏమీ అనుకోరు. లంచ్ దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది."

ఆమె దగ్గర వేడి చల్లారదు. పుట్టుకతో అంతే. చల్లటిది వేడెక్కదు, ఉన్న వేడి మాత్రం పోదు. చిన్నప్పుడు అదే ఊళ్ళో గుఢియారీలో రైలు పట్టాల పక్క ఇల్లు. నాన్న సూర్యారావు గూడ్సు బండి గార్డు. డ్యూటీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలిసేది కాదు. తల్లి బంగారమ్మ అన్నం గిన్నె, పులుసు గిన్నె పిల్ల మంచం పక్కన పెట్టి నిశ్చింతగా పడుకునేది. ఆయన ఏ వేళకొచ్చినా వేడివేడిగా తిని, "మా విజయనగరంలో కలెక్టరుకైనా ఉందేటి ఈ భోగం?" అనేవాడు. చలికాలంలో పక్కింటివాళ్ళు కూడా పాలగిన్నె తెచ్చి పెట్టి వెళ్ళేవారు. కొందరిది ఎడమచేతి వాటం. పూర్ణిమది ఇది.

ఈ హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆమెకి పండరీ బజారులో ఉద్యోగం దొరికింది. బట్టల దుకాణాల సరుకంతా కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న కంపెనీ, ఓ చీరల గోడౌన్ మీద. చేరిన వారంలోనే సర్వర్లున్న గదిలోకి వెళ్ళింది. కాసేపటికి మెషీన్లు ఒక్కొక్కటే కాగి ఆగిపోయాయి. యజమాని యోగేష్ వచ్చి చూశాడు. చెప్పులు బయట విడవమన్నట్టే, "దీదీ, ఇకనించి మీరు బయటే ఉండండి" అన్నాడు. ఆ గదికి అద్దం తలుపు పెట్టించి, ఆమె కుర్చీని హాలుకి అవతలి కొసన వేయించాడు.

లోపలికి దూరి తడిమి చూసేవాళ్ళకి రాని విద్య ఒకటి ఆమెకి అబ్బింది. అడగడం. లోపల మెషీన్లు చూసే రఘు, ఇవతల ఫోను పట్టుకుని ఆమె.

"ఏ లైటు ఆరింది? ఆరకముందు ఏం చేశావు? ఫ్యాను చప్పుడు నిన్నటిలాగే ఉందా?"

"ఫ్యాను చప్పుడు ఎవరు వింటారు మేడం?"

"నువ్వే. ఇప్పుడు విను."

విని చెప్పేవాడు. ఆమె తేల్చేసేది. కంపెనీ పెరిగింది, వేరే ఊళ్ళలో కూడా మెషీన్లు వచ్చాయి. ఏ ఊళ్ళోనూ ఆమె లోపల అడుగు పెట్టలేదు. "ముట్టుకోకుండానే పెద్ద డాక్టరైపోయారు దీదీ" అని నవ్వేవాడు యోగేష్, ప్రమోషన్ ఇచ్చినప్పుడల్లా.

ఇంట్లో మాత్రం ఆ అడగడమే ఆమె ప్రాణాలు తోడేసింది.

కూతురు అమూల్యకి పసితనంలో మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు, పూర్ణిమ సెలవు పెట్టి రోజంతా ఒళ్ళోనే పెట్టుకుంది. మందు వేసినా వేడి దిగలేదు. సాయంత్రానికి బంగారమ్మకి తట్టింది.

"ఒలే, నువ్వు లేసి అవతలికెల్లు. గుంట ఒళ్ళు కాలిపోతంది. నువ్వుంటే తగ్గదే తల్లీ."

పూర్ణిమ లేచి మెట్లు దిగి గేటు దగ్గర కూర్చుంది. కాసేపటికే పిల్లకి చెమట పట్టింది.

ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా అంతే. లోపల పిల్ల "అమ్మా" అంటుంది. కింద మెట్ల మీద తల్లి, ఒళ్ళో లాప్‌టాప్. "పాదాలు చూశావా అమ్మా? పెదాలు ఎండాయా? ఊపిరి ఎలా తీస్తోంది?" అని పైకి కేకేసి అడిగేది. బంగారమ్మ కిటికీలోంచి జవాబు చెప్పేది.

పెద్దయ్యాక అమూల్య ఒకసారి అనేసింది. "నాకు జ్వరం వస్తే చాలు, నీకు ఆఫీసు గుర్తొచ్చేది."

కారణం తెలియక కాదు. తెలియడం వేరు, ఒళ్ళు కాలుతున్నప్పుడు అమ్మ కావాలనిపించడం వేరు.

ఈ జనవరిలో, ఎనిమిదో నెలలోనే, అమూల్యకి నొప్పులు వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. గుప్పెడంత పిల్ల. ఒళ్ళు వేడి నిలవడం లేదు. వార్మర్ కింద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, పాలకోసం తియ్యగానే పాదాలు చల్లబడిపోతాయి. బరువు తగ్గుతోంది. తల్లి గుండెకి ఆనించి పడుకోబెడితే నయమే. కానీ తల్లికి జ్వరం.

అమూల్య పైఅంతస్తు వార్డులో, పిల్ల కింద నెలతక్కువ పిల్లల నర్సరీలో. పూర్ణిమ పైకి ఎక్కలేదు. అలవాటుగా కింద వరండాలోనే నిలబడింది. అక్కడికే వచ్చింది డాక్టరు ప్రియదర్శిని.

"ఈ రెండు రోజులూ గట్టెక్కాలమ్మా. వేడి నిలిస్తే పిల్ల నిలుస్తుంది."

పూర్ణిమ తన సంగతి చెప్పింది. డాక్టరు బ్లడ్ గ్రూపు అడిగినట్టే అడిగింది.

"ఎంత దూరం పనిచేస్తుంది?"

"ఒక గది మేర."

"పైన మీ అమ్మాయి జ్వరానికి తగలదుగా?"

"తగలదు."

"అయితే చేతులు కడుక్కుని రండి."

అల్లుడు వీరేంద్ర పైనుంచి ఫోన్ చేసి అమూల్యకి ఇచ్చాడు.

"అమ్మా, ఎక్కడున్నావ్?"

"కిందే."

"ఈసారైనా నా పక్కన కూర్చుంటావనుకున్నాను." గొంతు జ్వరంతో బొంగురుపోయింది. డాక్టరు పిల్ల దగ్గరికి రమ్మన్న సంగతి పూర్ణిమ చెప్పింది. తర్వాత, "వెళ్ళు. దాని దగ్గర కూర్చో" అంది అమూల్య.

నర్సరీకీ అద్దం తలుపే. లోపల పచ్చలైట్లు, తెరలు, సన్నటి చప్పుళ్ళు. పూర్ణిమ కాళ్ళు గుమ్మంలో వాటంతట అవే ఆగిపోయాయి.

"అందర్ ఆయియే, బాహర్ క్యోం ఖడీ హైం?" అంటూ లోపలికి రమ్మంది సాహు సిస్టర్.

"నేనొస్తే మెషీన్లు కాగిపోతాయి సిస్టర్" అంది పూర్ణిమ హిందీలో.

"తో మెషీన్ హటా దేతే హైం." మెషీన్లనే జరిపేద్దామంటూ సిస్టర్ వాటి చక్రాల బల్లల్ని ఒక్కొక్కటే గోడ అవతలి గదిలోకి తోసేసింది. వైర్లు మాత్రం గుమ్మం కిందనించి పాకుతూ వచ్చాయి.

పాతికేళ్ళ ఉద్యోగంలో ఆమె కోసం మెషీన్లని జరిపినవాళ్ళు లేరు. పూర్ణిమ లోపలికి వెళ్ళింది.

వార్మర్ కింద వెచ్చబడ్డ పిల్లని తీసి, ఆమె గుండెకి ఆనించి, చుట్టూ మెత్తటి గుడ్డ కట్టారు. పూర్ణిమ కదల్లేదు. సిస్టర్ వచ్చి పాదాలు తాకి చూసింది. మళ్ళీ వచ్చి చూసింది. మూడోసారి చూడ్డానికి రాలేదు.

మధ్యలో రఘు ఫోను. "మేడం, డబ్బాలన్నీ చల్లబడిపోతున్నాయి. ఎప్పుడొస్తారు?"

"ఓవెన్ కొనుక్కోండి" అని పెట్టేసింది.

వెంటనే మళ్ళీ మోగింది. అమూల్య.

"పాదాలు చూశావా అమ్మా?"

"వెచ్చగా ఉన్నాయి."

"పెదాలు? రంగెలా ఉంది?"

"ఎర్రగా."

"ఊపిరి ఎలా తీస్తోంది? చప్పుడు వస్తోందా? ఒకసారి వి..."

అమూల్య ఆగిపోయింది.

"అమ్మా, అప్పుడు నువ్వు... గేటు దగ్గరే ఉండేదానివా? మొత్తం?"

"మెట్ల మీద."

"వాన పడినా?"

"అమ్మమ్మ గొడుగు విసిరేది కిటికీలోంచి."

అమూల్య నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "జ్వరం దిగుతోందమ్మా. చెమట పడుతోంది" అంది. "నువ్వక్కడే ఉండు."

సాహు సిస్టర్ తన టీ గ్లాసు తెచ్చి పూర్ణిమ పక్క స్టూలు మీద పెట్టింది. తాగడానికి ఆమెకింకా తీరిక లేదు. వరండా అవతలి గది నుంచి ఇంకో పసిబిడ్డ ఉన్న చిన్న ఉయ్యాలని మెల్లగా తోసుకొచ్చి, పూర్ణిమ కుర్చీ పక్కన ఆపింది. తర్వాత రెండోది. తర్వాత ఇంకోటి.