బండ మీది నీడ

ఫిల్మ్‌నగర్ బస్తీలో నెలకో సోమవారం పెద్ద బండ దగ్గర ఆస్పత్రి వాళ్లు పిల్లల్ని తూచేవారు. రోజూ తాము పంచే పల్లీ ఉండ తింటే ఐదేళ్లలోపు పిల్లలు ఎంత పుంజుకుంటారో కొన్నేళ్లపాటు చూడాలని ఆ పరిశోధన. తూచిన ప్రతిసారీ ఆ బిడ్డ నీడ బండ మీదే ఉండిపోయేది. ఆడవాళ్లు వాటి మీద బట్టలు ఆరేసుకునేవారు.

జూనియర్ ఆర్టిస్టు సత్యలక్ష్మి కూతురు శారదకు సినిమాలో అనాథ పిల్ల వేషం దొరికింది. "షూటింగ్ అయ్యేదాకా పిల్ల ఇలాగే బక్కగా ఉండాలమ్మా. ఒళ్లు చేస్తే ఒక సీనుకీ ఇంకో సీనుకీ కలవదు" అన్నాడు మేనేజరు. అప్పట్నుంచి శారద ఉండలు పక్కింటి బుచ్చమ్మ మనవరాలు భూలక్ష్మికి వెళ్తున్నాయి. శారద నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది.

బరువు తగ్గిందని తెలిస్తే పిల్లను ఆస్పత్రిలో చేరుస్తారు. వేషం పోతుంది. ఈ నెల తూచడానికి కొత్తామె మంజులత వస్తోందని విని సత్యలక్ష్మి ధైర్యం చేసింది.

"పిన్నీ, శారదకు ఒంట్లో నలతగా ఉంది. దాని బదులు మీ భూలక్ష్మిని తూపిస్తా. హీరోకే డూపు ఉంటాడు, తప్పేముంది?"

"ఏందే, తూకానికి గూడ డూపా?" బుచ్చమ్మ నవ్వింది. "గౌను మార్చు మరి. నా పోరి మల్ల తన పేరు మీద తూగాలె."

శారద గౌను తొడిగించుకుని భూలక్ష్మి త్రాసు జోలెలో కూర్చుంది. ముల్లు బాగానే కదిలింది. "శారద బాగా పెరుగుతోందండీ" అంది మంజులత.

బండ మీద మాత్రం శారద నీడే పడింది. పుల్లల్లాంటి కాళ్లు, ఉబ్బిన పొట్ట, మెడ మీద నిలవని తల.

వరసలో ఉన్న ఆడవాళ్లందరూ చూశారు. బుచ్చమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఉండలు మీ పోరి తింటలేదంటివి గదనే. నువ్వు పెడితే గద తినేది."

సత్యలక్ష్మి భూలక్ష్మిని జోలెలోంచి దింపింది.

"ఈ నీడ పిల్ల ఎక్కడుందమ్మా?" అని అడిగింది మంజులత.

"ఇంట్లో పడుకుందండీ."

ఆ మధ్యాహ్నమే శారదను ఆస్పత్రిలో చేర్చారు. ఇంకొన్నాళ్లు పోతే దక్కేది కాదన్నారు డాక్టరు. వేషం యూసుఫ్‌గూడలో ఇంకో బక్క పిల్లకు వెళ్లింది.

తర్వాత నెలల్లో పడ్డ శారద నీడలు నిండుగా వచ్చాయి. ఆ ఒక్కటీ అలాగే మిగిలింది. రోజూ సత్యలక్ష్మి చీర ఉతికి ముందు దాని మీదే ఆరేసేది. తడి చీరలోంచి కూడా అది కనబడుతూనే ఉండేది.

బడికి పోయే వయసొచ్చాక ఒకరోజు శారద ఆ చీర కొస ఎత్తి చూసింది.

"అమ్మా, ఈ పిల్లెవరే?"

"ఎవరో" అనబోయింది సత్యలక్ష్మి. చీర లాగేసి మడత పెట్టింది.

"నువ్వే" అంది, కూతురి మొహం చూడకుండా.