మందు కొర్రలు

"కొర్రలు దంచేటప్పుడు నోట్లో ఏసుకోగాకు. అవి వానికి మందు," అనేది మా అత్త ఓబులమ్మ. నోట్లో వేసుకునేంత తీరిక నాకెక్కడ ఏడ్చింది!

మా ఆయన హనుమంతరాయుడికి షుగరని తేలినప్పటి నుంచి, ఆరేళ్ళుగా, నల్లమాడలో కొర్రలు కొని తేవడం ఆయన పని. రోట్లో దంచి, చేటలో చెరిగి, రాళ్ళు ఏరి, వండి, వేడివేడిగా ఆకుకూర పప్పుతో ఆయన ముందు పెట్టడం నా పని. తరువాత పిల్లలకూ అత్తకూ తెల్లన్నం. అందరూ లేచాక అడుగున మిగిలింది, రాత్రి సద్ది కలుపుకుని, పైన ఊరగాయ నూనె పోసుకుని నేను. పారేయడానికి చేతులు రావు కదా!

తరువాత నాకూ షుగరే అన్నారు. ఇంట్లో ఒక్క గిన్నె మారలేదు. "నీకేమే, పొద్దస్తమానం పని చేస్తాంటావు, అంతా అరిగిపోతాది," అంది అత్త. నిజమేననుకున్నాను. నా తెలివి అంత! జబ్బు ఆయనది, ఆ జబ్బుకు చాకిరీ నాది. నాకంటూ ఒక జబ్బుండడానికి ఆ ఇంట్లో చోటేదీ?

రెండువేల నాలుగు వేసవిలో దంచుతూ దంచుతూ రోకలి పట్టుకునే కూలబడ్డాను. ఊపిరాడలేదు, ఒళ్ళంతా చెమట. "గ్యాసుంటాది లే. ఆడోళ్ళకు గుండెజబ్బేంది?" అని సణుగుతూనే ఆయన నన్ను కదిరి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎదమీద చల్లటి జిగురు పూసి ఏదో పరికరం ఆనించింది. ఏమనుకుందో, టీవీలాంటి ఆ పెట్టెను నా వైపు తిప్పింది.

"చూడమ్మా, అది నీ గుండె."

అమ్మా! నాదే! నల్లటి తెర మీద చిన్న రెక్కలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ ఇలాగే ఆడుతోందట. పెళ్ళి పీటల మీదా, కాన్పుల్లోనూ, నేను సద్ది తిన్న ప్రతి పూటా. ఎవరూ దాన్ని పలకరించలేదు, నేనూ పలకరించలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. కన్నీళ్ళు దిండు మీదకు కారుతున్నా తుడుచుకోవాలనిపించలేదు. నాలో ఇంత అందమైనది ఉందంటే నమ్మేదాన్నా?

"ఇప్పటికి బాగానే ఉంది," అందామె. "కానీ షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్కోసారి నొప్పి కూడా తెలియకుండానే గుండె మీదికొస్తుంది. మాత్రలతో పాటు తిండీ మార్చాలి. తెల్లన్నం, ఊరగాయ తగ్గించు. కొర్రలు, ఉలవలు, ఆకుకూరలు తిను. కొన్నాళ్ళు బరువు పనులొద్దు. కొర్రలు దొరుకుతాయా మీ ఊళ్ళో?"

దొరుకుతాయా! నాకు నవ్వొచ్చింది.

మర్నాడు, దంచి పెట్టినవి వండాను. రెండు పళ్ళేల్లో సమంగా పెట్టి, ఒకటి ఆయన ముందుంచి, రెండోదాంతో పక్కనే కూర్చున్నాను.

"ఏమే, అది వాని మందు గదా!" అంది అత్త.

"నాకూ మందే, అత్తా."

ఆయన పళ్ళెంలోకి చూసుకుని, "ఇద్దరికీ చాలేటట్ల దంచిండొచ్చు గదా?" అన్నాడు.

"రోకలి ఆడనే ఉండాది. సాయంత్రానికి నువ్వు దంచు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆరేళ్ళుగా నా చేతులతోనే వండుతున్నాను, వేడి కొర్రన్నం ఇంత కమ్మగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.